ఏడు పాయింట్ల అబూ నాసిర్, సున్నా పాయింట్ల మేనేజరు

సౌదీలో హాయిల్ వైపు కొండమేకల్ని చూడ్డానికి ఎలా వెళ్ళాలి, ఎంతవుతుంది, ఫ్యామిలీతో వెళ్ళొచ్చా అని నలుగురైదుగురు మెయిల్ చేశారు. చెప్తాను. దారీ చెప్తాను, ఖర్చూ చెప్తాను. కాకపోతే ముందే ఒక మాట, ఇది నేను సరదాగా రాస్తున్నది కాదు. వెళ్ళొచ్చి నాలుగు నెలలైనా ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఆ మంటలో సగం మా మేనేజరు మీద, సగం నా మీద. మా మేనేజరుకి తెలుగు రాదు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

నేను జుబైల్‌లో ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ పనంతా కాగితాలే. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్, ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ, గేట్ పాస్, ఎవరికి ఏ ఫారం కావాలన్నా నా టేబుల్ దగ్గరికే వస్తారు. మా యార్డు గేటు దగ్గర కాపలా ఉండే అబూ నాసిర్ కూడా అలాగే వచ్చాడు. సౌదీ ఆయనే, అరవై రెండేళ్ళుంటాయి. రోజూ పొద్దున్నే నాకు గుప్పెడు ఖర్జూరాలు పెట్టి, టీవీలో క్రికెట్ చూసి ఇండియా ఓడిపోయిందో గెలిచిందో ఆయనే నాకు చెప్పేవాడు. ఫారంలో ఇంగ్లీషు గడులు నింపి పెట్టమని ఏడేళ్ళుగా ఏదో ఒక ఆఫీసు మనిషిని అడుగుతూనే ఉన్నాడట. ఈసారి వంతు నాది.

ఆ ఫారం కథ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. హాయిల్ కంటే ముందే, హైవే నుంచి నలభై కిలోమీటర్లు లోపలికి, ఒక పెద్దమనిషి సొంతంగా నడిపే సంరక్షణ భూమి ఉంది. పేరు రాయను. చుట్టూ కంచె, మధ్యలో ఎర్రరాతి కొండలు. జీపులూ రైఫిళ్ళూ వచ్చాక ఆ చుట్టుపక్కల లేకుండా పోయిన కొండమేకల్ని మళ్ళీ తెచ్చి అక్కడ పెంచారు. మంద పెరిగింది కాబట్టి ఏటా చలికాలంలో ముసలి పోతుల్ని కొన్నిటిని వేటాడనిస్తారు. ఈ ఏడాది తొమ్మిది. ఒక్కో పోతుకి ఒక పసుప్పచ్చ ప్లాస్టిక్ ట్యాగ్ ఇస్తారు, అది కొమ్ముకి కట్టకుండా గేటు దాటితే పోలీసులే. తొమ్మిది ట్యాగులకి రెండు వందల పైన దరఖాస్తులు, అందుకని డ్రా. అయితే ఉత్త చీటీలు తీసే డ్రా కాదు. అక్కడ కొన్నాళ్ళు సలహాదారుగా పనిచేసిన అమెరికా ఆయన, తన దేశంలో కొన్ని రాష్ట్రాల్లో జింకలకీ కొండగొర్రెలకీ ఉన్న పద్ధతే ఇక్కడా పెట్టి వెళ్ళాడట. ఈ ఏడాది ట్యాగ్ రాకపోతే ఒక పాయింటు, వచ్చే ఏడాదీ రాకపోతే రెండు. ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకి ముందు ఇస్తారు, పాయింట్లు సమానమైన చోటే చీటీ తీస్తారు. ట్యాగ్ దొరికిన రోజున పాయింట్లన్నీ పోయి మళ్ళీ సున్నా. వింటే న్యాయంగానే ఉంది కదా. నాకూ అలాగే అనిపించింది.

అబూ నాసిర్‌కి ఏడు పాయింట్లున్నాయి. పోయినేడు ఆరున్నవాళ్ళ దాకా వచ్చాయి కాబట్టి ఈసారి ఆయనకి ఖాయం. ఇంకో ఏడాది ఆగే వీలు కూడా లేదు. ఆయనకి రెండు కళ్ళలోనూ నీటికాసులు, కుడి కన్ను దాదాపు పోయింది. ముహర్రంలో, అంటే జనవరిలో, తుపాకి లైసెన్సు గడువు అయిపోతుంది, దమ్మాం డాక్టరు రాసిచ్చిన కాగితం చూస్తే ఇంకెవరూ రెన్యువల్ చేయరు. అంటే ఇదే ఆఖరి చలికాలం. ఆయన పుట్టింది ఆ కొండల పక్క ఊళ్ళోనే. వాళ్ళ నాన్న ఆ కొండల్లో పోతుల్ని కొట్టి తెస్తే ఊరంతా తిన్నారట. "మా నాన్న కొట్టినప్పుడు అడిగేవాడు లేడు. అందుకే అన్నీ అయిపోయాయి. నేను అడిగి, లైన్లో నిలబడి, ఒక్కటంటే ఒక్కటి తెచ్చుకుంటాను," అనేవాడు. ఆయన పినతండ్రి కొడుకు ఒకడు కంచె దాటించి దొంగతనంగా కొట్టిస్తానన్నా ఒప్పుకోలేదట. ఏడేళ్ళు లైన్లో నిలబడ్డాడు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. నేను ఆ ఫారం టైపు చేస్తుంటే మా మేనేజరు వెనకనుంచి చూశాడు. ఆయనా సౌదీయే, ముప్పై అయిదేళ్ళ కుర్ర మేనేజరు, కొత్త రైఫిల్ కొన్నాడు. "ఓహ్, అబూ నాసిర్ వెళ్తున్నాడా? నా పేరు కూడా అందులోనే వెయ్యి, ఇద్దరం కలిసి వెళ్తాం," అన్నాడు. ఒకే ఫారంలో ఇద్దరు ముగ్గురు కలిసి దరఖాస్తు పెట్టుకునే వీలుంది, గడులు కూడా ఉన్నాయి. నేను గేటు దగ్గరికెళ్ళి అబూ నాసిర్‌ని అడిగాను. ఆయన కాస్త ఆలోచించి, "ఏమైనా తేడా వస్తుందా?" అన్నాడు. "మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు," అన్నాను నేను. ఫారం వెనకవైపు చదవకుండా అన్నాను! అంతటితో ఆగానా? పేర్లు వేసేటప్పుడు మేనేజరు పేరు పైన వేసి, అబూ నాసిర్ పేరు కింద వేశాను. ఎవరూ అలా వెయ్యమనలేదు. పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో కాగితాలు టైపు చేస్తున్నాను, ఏ కాగితంలోనూ మేనేజరు పేరుకి పైన ఇంకొకరి పేరు పెట్టలేదు. చెయ్యి దానంతటదే అలా పోయింది.

వేటగాడితో ఇద్దరు సహాయకుల్ని రానిస్తారు. అబూ నాసిర్ కళ్ళకి అంత దూరం డ్రైవింగ్ కుదరదు కాబట్టి మా కంపెనీ డ్రైవర్ మల్లన్న వస్తానన్నాడు, ఆయనది ఆర్మూరు దగ్గర పల్లె. ఇక కెమెరా పట్టుకుని నేను. మేనేజరు మాత్రం ట్యాగ్ వచ్చాక విమానంలో వస్తానన్నాడు. మాకు వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు కాబట్టి, డిసెంబర్లో ఒక బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి డ్యూటీ దిగి, పాత డబుల్ క్యాబిన్ పికప్‌లో బయల్దేరాం. దమ్మాం పక్కనుంచి రియాద్ హైవే ఎక్కితే రియాద్ బైపాస్ చేరేసరికి అయిదున్నర. మధ్యలో అస్ర్ నమాజుకి ఒకసారి, చాయ్‌కి ఒకసారి ఆగాం. ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళు రియాద్ దాటేముందే పిల్లల్ని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళండి, ఆ తర్వాత శుభ్రమైనవి దొరకడం కష్టం. టోల్ లేదు, పెట్రోలు ఖర్చు లెక్కలోకే రాదు. రియాద్ దాటగానే చెక్‌పోస్టులో మా ఇద్దరి ఇఖామాలూ, కంపెనీ ఇచ్చిన ట్రావెల్ లెటరూ అడిగారు. సంతకం, స్టాంపూ ఉన్న లెటర్‌హెడ్ మీదే ఆ లెటర్ ఉండాలి, ఫోటోకాపీ చూపిస్తే వెనక్కి పంపేస్తారు.

దారంతా అబూ నాసిర్ పెళ్ళికి వెళ్తున్నట్టే ఉన్నాడు. వెనక సీట్లో దుప్పటి చుట్టిన తుపాకి పెట్టెని గంటకోసారి తడిమి చూసుకున్నాడు. హాయిల్లో ఉన్న వాళ్ళక్కకి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆవిడ ఆయనకన్నా పదేళ్ళు పెద్ద, వాళ్ళ నాన్న తెచ్చిన మాంసం రుచి ఇంకా గుర్తున్న మనిషి ఇంట్లో ఆవిడొక్కతే. "పెద్ద గిన్నె దింపించి తోమించిందట," అని నాకు చెప్పి నవ్వాడు. మల్లన్న నాతో తెలుగులో, "తమ్మీ, గీ ముసలాయన సంబురం జూస్తుంటే నాకు గూడ తుపాకి వట్టుకోవాలనిపిస్తున్నది," అన్నాడు. "మేకని చూసి నువ్వే పరిగెడతావేమో," అన్నాను. "పరిగెత్తుడెందుకు? మా ఇంట్ల ఇరవై ఉండె చిన్నప్పుడు, అన్నిట్కి పేర్లుండె," అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి బురైదా చేరి, బస్టాండు దగ్గర ఫర్నిష్డ్ రూము ఎనభై రియాల్స్‌కి తీసుకుని పడుకున్నాం. హీటరుందో లేదో ముందే అడగండి, ఆ చలి జుబైల్ చలి కాదు.

గురువారం తెల్లవారుజామున లేచి, ఫజ్ర్ నమాజు అవగానే రోడ్డు పక్కన ఒక పఠాన్ తందూరు దగ్గర తమీజ్ రొట్టెలు, ఫూల్ అనే చిక్కుడుగింజల కూర తిన్నాం. ముగ్గురికీ కలిపి పది రియాల్స్. రొట్టె తీస్తున్న పఠాన్ తుపాకి పెట్టెని చూసి, "శికార్ పే జా రహే హో?" అని అడిగాడు. మల్లన్న హిందీలో, "హమ్ నహీ భాయ్, చాచా," అని అబూ నాసిర్‌ని చూపించాడు. పఠాన్ ఇంకో రొట్టె ఊరికే చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. ఆరుంపావుకి బయల్దేరితే హాయిల్ హైవే మీద గంటన్నర. అక్కడ ఒక పెట్రోలు బంకు తర్వాత ఎడమకి తిరగాలి, బోర్డు అరబిక్‌లోనే ఉంటుంది కాబట్టి బంకులో అడిగి వెళ్ళండి. నలభై కిలోమీటర్లలో సగం తారు, సగం మట్టి. ఎనిమిదిన్నరకి గేటు దగ్గరున్నాం. డ్రా పదింటికి.

ఆఫీసంటే రెండు గదుల పోర్టకాబిన్. బయట అప్పటికే యాభై అరవై మంది, తలకి ఎర్ర షమాగ్‌లు కట్టుకుని, చలికి ఉన్ని కోట్లేసుకుని, మంటల చుట్టూ కూర్చుని గహ్వా కాఫీ తాగుతున్నారు. గోడకి లిస్టు అంటించి ఉంది. అరబిక్ పేర్లు, ఎదురుగా పాయింట్లు. పైనుంచి కిందికి ఎక్కువ నుంచి తక్కువకి. ఎనిమిది పాయింట్లవాళ్ళు ఇద్దరు. ఏడువాళ్ళు నలుగురు. అబూ నాసిర్ పేరు అక్కడ లేదు. ఆయన ఎడమ కన్ను కాగితానికి ఆనించినంత దగ్గరగా పెట్టి వెతుకుతున్నాడు. ఆరువాళ్ళలో లేదు, అయిదులో లేదు. చివరికి మా మేనేజరు పేరు నాకే కనిపించింది, దాని కింద అబూ నాసిర్ పేరు, ఎదురుగా మూడు. ప్రింటు తప్పనుకుని లోపలికి పరిగెత్తాను.

లోపలున్న క్లర్కు సూడాన్ ఆయన, ఇంగ్లీషు బాగా వచ్చు, మర్యాదస్తుడు. తప్పేం కాదన్నాడు. మేం పంపిన ఫారమే తీసి వెనక్కి తిప్పి చూపించాడు. కలిసి దరఖాస్తు పెడితే అందరి పాయింట్లూ కూడి సగటు తీస్తారు, భిన్నం వస్తే వదిలేస్తారు. ఏడూ సున్నా కూడితే ఏడు, ఇద్దరికి పంచితే మూడున్నర, అర వదిలేస్తే మూడు. అరబిక్‌లోనూ ఉంది, దాని కింద ఇంగ్లీషులోనూ ఉంది. పన్నెండేళ్ళుగా అందరి కాగితాలూ చదివే నేను ఆ ఒక్క పేజీ తిప్పలేదు. తల కొట్టేసినట్టయింది. "సరే, మేనేజరు పేరు కొట్టేయండి, ఈయన ఒక్కడి పేరే ఉంచండి," అన్నాను. "ఉంచొచ్చు. పది గంటల్లోపు గ్రూపు విడదీయమని లెటర్ ఇస్తే చాలు. కాకపోతే గ్రూపు లీడర్ సంతకం ఉండాలి. మొదటి గడిలో ఎవరి పేరుంటే వాళ్ళే లీడర్," అన్నాడు. ఆ తర్వాత ఫారం చూసి, "ఏడు పాయింట్ల మనిషిని కింద వేసి సున్నా మనిషిని పైన ఎందుకు వేశారు?" అని అడిగాడు. "ఆయన మా మేనేజర్," అన్నాను. ఆ సూడాన్ ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, "ఇక్కడ కొండమేకలకి మీ మేనేజరెవరో తెలీదు కదా," అన్నాడు. వెటకారంగా అనలేదు, జాలిగా అన్నాడు. అదే ఇంకా మండింది.

బయటికొచ్చి మేనేజరుకి ఫోన్ చేశాను. ఎనిమిదీ యాభై. మూడోసారికి ఎత్తాడు, నిద్రలో ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, "సార్, మీ పేరు తీసేయమని ఒక్క లెటర్ ఫ్యాక్స్ చేస్తే చాలు, అబూ నాసిర్‌కి ఇప్పుడే ట్యాగ్ వచ్చేస్తుంది," అన్నాను. అవునా, అయ్యో, అంటాడనుకున్నాను. ఆవులించి, "సగటు రూలు నాకు తెలుసు," అన్నాడు. "సున్నాతో లైన్లో నిలబడే కన్నా మూడుతో నిలబడటం బెటర్ కదా? అందుకేగా ఆయనతో కలిపి వెయ్యమన్నాను."

"సార్, ఆయన ఏడు పాయింట్లూ వేస్ట్ అయిపోతున్నాయి."

"ఎందుకవుతాయి? రాకపోతే ఇంకో పాయింటు కలుస్తుంది, ఎనిమిదవుతాయి. నాకూ ఒకటి వస్తుంది."

"వచ్చే ఏడాదికి ఆయనకి లైసెన్సు ఉండదు సార్. కళ్ళు కనపడటం లేదు."

"ఆయన కళ్ళకి నేనేం చెయ్యను? వీకెండ్ పొద్దున్నే ఫోన్ చెయ్యకు," అని పెట్టేశాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. నిజానికి ఏమీ చేసేవాణ్ణి కాదు, అదీ నాకు తెలుసు. అప్పుడు గుర్తొచ్చింది, నా ఫైల్లో ఇంకో లెటర్‌హెడ్ ఉంది. మా ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మేనేజర్లు ఊళ్ళో లేనప్పుడు ట్రావెల్ లెటర్లు ఆగకుండా ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకం పెట్టి, స్టాంపేసి మా దగ్గర ఉంచుతారు. దారిలో ట్రావెల్ లెటర్ పోతే పనికొస్తుందని నేను ఒకటి అదనంగా తెచ్చుకున్నాను. కింద ఆయన సంతకం, పైన ఖాళీ. రెండు లైన్లు రాస్తే అబూ నాసిర్ ఏడు పాయింట్లు అబూ నాసిర్‌కి వచ్చేస్తాయి. పికప్ బానెట్ మీద కాగితం పెట్టాను, పెన్ను మూత తీశాను.

మల్లన్న చూశాడు. "ఏంది తమ్మీ అది?" చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "పాగల్ అయినవా? ఇప్పుడే వద్దన్నడు గదా ఫోన్ల. వద్దన్నంక ఆయన సంతకం మీద రాస్తె దొంగ కాయితం అయితది. జైల్ల వడేస్తరు. ఎగ్జిట్ గొట్టి ఇంటికి గూడ పంపరు, లోపల్నే ఉంచుతరు." అబూ నాసిర్ దగ్గరికొచ్చి, "ఆ కాగితం ఏంటి?" అని అడిగాడు. నిజం చెప్పమంటారా? ఆయన వద్దంటాడని ఎదురుచూశాను. విషయం చెప్తే, నీకు పిల్లలున్నారు, నీకెందుకు ఈ గొడవ అని ఆయనే అంటాడు, నా పరువూ దక్కుతుంది అనుకున్నాను. కానీ చెప్పలేకపోయాను. ఒకవేళ రాయమంటే? "ఏం లేదు, ట్రావెల్ లెటర్," అని మళ్ళీ ఫైల్లో పెట్టేశాను. మల్లన్న ఆపాడని కాదు, ఉత్త భయానికి. అందుకే నా మీద సగం మంట అన్నది.

ఆయనకి జరిగింది మాత్రం దాచలేదు. వెనక పేజీ చదవకుండా నేను మాఫీ ముష్కిల్ అన్నానని, పేరు పైన వేసింది నేనేనని, మేనేజరు ఒప్పుకోలేదని అన్నీ చెప్పాను. తిడితే బాగుండేది. "నేనే అడగాల్సింది. ఫారం నాది," అన్నాడు. అంతే.

పదింటికి సూడాన్ ఆయన బయటికొచ్చి నిలబడి పేర్లు చదివాడు. ఎనిమిదివాళ్ళు ఇద్దరికీ, ఏడువాళ్ళు నలుగురికీ చీటీ లేకుండానే ట్యాగులిచ్చేశారు. మిగిలిన మూడింటికి ఆరు పాయింట్లవాళ్ళు పదకొండు మంది, వాళ్ళ పేర్లు ప్లాస్టిక్ డబ్బాలో వేసి తీశారు. ఏడు పాయింట్లతో అబూ నాసిర్ ఉంటే అక్కడ రెండే మిగిలేవి. ఆఖరి ట్యాగ్ వచ్చిన మనిషి గాలిలోకి చెయ్యెత్తి అరిచాడు. అబూ నాసిర్ ఆయన దగ్గరికెళ్ళి భుజం మీద ముద్దు పెట్టి, "మబ్రూక్," అని అభినందించాడు. ఆ తర్వాత రానివాళ్ళందరికీ చీటీలిచ్చారు. ఆయన చీటీలో ఎనిమిది అని ఉంది. క్లర్కు మొహమాటంగా, "వచ్చే ఏడాది ఒంటరిగా పెట్టండి, ఇన్షా అల్లా లిస్టులో మొదటి పేరు మీదే," అన్నాడు. అబూ నాసిర్ తల ఊపాడు. ఆ మనిషికి కళ్ళ సంగతి చెప్పలేదు. పక్కకెళ్ళి వాళ్ళక్కకి ఫోన్ చేశాడు. నాకొచ్చిన అరబిక్‌లో అర్థమైనంత వరకు, పెద్ద గిన్నె పైన పెట్టించేయమన్నాడు, మాకు కోడి చాలన్నాడు.

మీరు అడిగిన కొండమేకల సంగతి ఇప్పుడు. వేట లేకుండా ఊరికే చూడ్డానికి మనిషికి ఇరవై రియాల్స్, పిల్లలకి పది. గురువారం మగవాళ్ళకీ, శుక్రవారం ఫ్యామిలీలకీ. సాయంత్రం మూడున్నరకి తెరిచిన జీపులో తీసుకెళ్తారు, రెండు గంటలు తిప్పుతారు. అబూ నాసిర్‌ని వెళ్ళిపోదామా అని అడిగితే, "ఇంత దూరం వచ్చి చూడకుండానా?" అన్నాడు. వెళ్ళాం. కొండ కింద జీపు ఆపి గైడు బైనాక్యులర్స్ ఇచ్చాడు. అరగంటైనా నాకు రాళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. గైడు కూడా ఇవాళ లేవేమో అన్నాడు. అబూ నాసిర్ కొండ వైపు కాదు, గాలి వచ్చే వైపు మొహం పెట్టి కాసేపు కూర్చుని, "ఎడమ నుంచి మూడో చీలిక. దాని కింద నీడ అంచు చూడు, పడుకుని ఉంటాయి," అన్నాడు. ఉన్నాయి! నాలుగు. ఒకటి లేచి నిలబడింది, దాని కొమ్ములు వెనక్కి వంగి వీపు దాకా ఉన్నాయి. మల్లన్న, "అవ్వా! మా మేకపోతుకు గింత కొమ్ములుంటె దొడ్లె వట్టకపోతుండె," అన్నాడు. "ఎన్ని?" అని అబూ నాసిర్ నన్ను అడిగాడు. నాలుగన్నాను. పెద్దది ఎటు తిరిగి ఉందని అడిగాడు. చెప్పాను. గెడ్డం రంగు అడిగాడు. అదీ చెప్పాను. ఆయనకి ఒక్కటీ కనపడటం లేదని అప్పుడు తెలిసింది. ఆ కోపంలో నేను ఫోటోలు కూడా సరిగ్గా తియ్యలేదు, ఇక్కడ ఒక్కటే పెట్టాను, అదీ మసగ్గా వచ్చింది.

ఆ రాత్రి హాయిల్లో వాళ్ళక్క ఇంట్లో తిని, శుక్రవారం పొద్దున్న బయల్దేరి పదమూడు గంటల్లో జుబైల్ వచ్చేశాం. జనవరిలో అబూ నాసిర్ తుపాకి పోలీసు స్టేషన్లో అప్పజెప్పేశాడు. మార్చిలో కొత్త ఫారాలు వచ్చాయి. మా మేనేజరు నన్ను పిలిచి ఫారం ఇచ్చి, "మళ్ళీ నా పేరూ, అబూ నాసిర్ పేరూ," అన్నాడు. విన్నది నిజమేనా అనుకుని, "సార్, ఆయనకి తుపాకే లేదు," అన్నాను. "తుపాకి ఎందుకు? పాయింట్లున్నాయిగా. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది, సగటు నాలుగు. ఆయన ఏటా పేరిస్తే చాలు, ఇద్దరికీ పెరుగుతూ పోతాయి. ఒకసారి నాకు ట్యాగ్ వస్తే ఆయన రాకపోయినా పర్వాలేదు," అన్నాడు. వేలు మడిచి లెక్క కూడా వేసి చూపించాడు. మనిషి కళ్ళు పోయినా ఆయన లైన్లో నిలబడ్డ ఏళ్ళు మాత్రం ఈయనకి కావాలి!

ఆ ఫారం పట్టుకుని తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళాను. ఈసారి వెనక పేజీ అంతా, అక్షరం వదలకుండా, నిలబడి చదివాను. చదివి అబూ నాసిర్‌కి మేనేజరు అడిగింది చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "నేను కాదంటే నా గేటు ఉద్యోగం ఉంటుందా?" అన్నాడు. అబద్ధం చెప్పలేక తెలీదన్నాను. ఆయన, "నా పాయింట్లు నేనే తీసేసుకోవచ్చా?" అని అడిగాడు. తీసేసుకోవచ్చు. ఏడో రూలు. పాయింట్లు వదులుకోవడానికి దరఖాస్తుదారుడి సంతకం ఒక్కటే చాలు, ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. "అయితే రాయి," అన్నాడు. "ఎనిమిదేళ్ళండీ," అన్నాను, అరబిక్‌లో నాకొచ్చినంతలో. "అవును, నావే కదా," అన్నాడు. టైపు చేశాను. ఒక్క పేరు, ఒక్క గడి. ఆయన కాగితాన్ని కంటికి ఆనించుకుని గీత వెతుక్కుని సంతకం పెట్టాడు. మా మేనేజరు గది బయటున్న ఫ్యాక్స్ మెషిన్లోంచే పంపాను. మర్నాడు జవాబొచ్చింది, ఆయన పేరు ఎదురుగా సున్నా.

"ఫారం ఏమైంది?" అని మేనేజరు అడిగాడు. "రెడీ సార్, కానీ అబూ నాసిర్ పాయింట్లు సున్నా అయ్యాయి. మీ ఒకటీ ఆయన సున్నా కలిపితే సగటు అర, అర వదిలేస్తారు," అన్నాను. మొహం మాడిపోయింది. "ఎవరు తీసేశారు?" అన్నాడు. "ఆయనే. ఆయన కాగితం మీద ఇంకెవరి పేరూ లేదు సార్," అన్నాను. ఆ తర్వాత నన్ను స్టోర్ సెక్షన్‌కి మార్చారు, అదే మా ఆఫీసులో శిక్ష. అబూ నాసిర్‌ని మాత్రం ఏమీ అనలేకపోయాడు, పాయింట్లు లేని ముసలాయనతో ఇక ఆయనకి పని లేదు. పొద్దున్న గేటు దగ్గర ఖర్జూరాలు ఇప్పటికీ నా చేతిలో పడుతున్నాయి, తీసుకోవడానికే సిగ్గుగా ఉంటుంది.

డిసెంబర్ ఉదయం ఆ బానెట్ దగ్గర నేను చెయ్యలేనిది ఆయన ఒక్క సంతకంతో చేశాడని అనిపిస్తుంది. కాకపోతే నేను చెయ్యాల్సింది ఆయన పాయింట్లు కాపాడటం, ఆయన చేసింది వాటిని తనే చంపుకోవడం. ఈ రెండూ ఒకటి కావు. ఎంత కోపంగా రాసినా నేను దాన్ని సరి చెయ్యలేను. పాయింట్ల పద్ధతి చెడ్డదేం కాదు, ఓపిక పట్టినవాడికి ముందు ఇవ్వడం కన్నా న్యాయం ఏముంది? పక్కనొచ్చి పేరు కలుపుకున్నవాడు పైన నిలబడటం, అలా నిలబెట్టే నాలాంటి టైపు చేసేవాళ్ళు ఉండటం, దానికి ఏ రూలూ అడ్డం రాదు.

మీకు పనికొచ్చే సలహా ఒక్కటే. చూడ్డానికైనా, డ్రాకైనా, మీ సౌదీ దోస్తు కోసం ఫారం నింపినా, ముందు కాగితం తిప్పి వెనక పేజీ చదవండి. ఏళ్ళ తరబడి లైన్లో నిలబడ్డవాడెవడో వాడి పేరు మొదటి గడిలో రాయండి. కింద గడులు ఖాళీగా వదిలేసి, ఇంకొకరి పేరు పట్టకుండా వాటి మీద అడ్డంగా గీత కొట్టండి.